ఊపిరి గొట్టం అతుకు: ఏ దారం, ఎలాంటి కుట్టు

రెండు మూడు వారాలు వెంటిలేటర్ మీద ఉండి, బతికి బయటపడి ఇంటికొచ్చిన మనిషికి, నెలా నెలన్నర గడిచాక మళ్లీ ఆయాసం మొదలవుతుంది. మొదట మెట్లెక్కేటప్పుడే తెలుస్తుంది. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు అంటారు. ఏటా నడిచి వెళ్లే అలవాటున్నవాళ్లు ఈసారి మొదటి వంద మెట్లకే కూలబడతారు. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో సన్నగా కూత వస్తుంది. చాలాసార్లు దీన్ని ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్లు వాడతారు, వారాలు గడుస్తాయి, తగ్గదు. తగ్గకపోవడానికి కారణం ఉంది. ఉబ్బసంలో ఇరుకయ్యేవి ఊపిరితిత్తుల లోపలి సన్నని గొట్టాలు. ఇక్కడ ఇరుకైంది మెడలోని అసలు ఊపిరి గొట్టమే, ట్రాకియా.

పెద్దవాళ్లలో ఆ గొట్టం లోపలి వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. అది దాదాపు 8 మిల్లీమీటర్లకు తగ్గేదాకా మనిషికి పెద్దగా తెలియదు. అంతకన్నా తగ్గితే పని చేసినప్పుడు ఆయాసం, 5 మిల్లీమీటర్ల కిందికి పోతే కూర్చున్నా కూత. వెడల్పు సగమైతే గాలికి అడ్డు రెట్టింపు కాదు, లెక్క ప్రకారం పదహారు రెట్లు. అందుకే నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఒక్క జలుబుతో ఎమర్జెన్సీకి చేరతాడు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఈ జబ్బుకు దారులు తెలిసినవే. పురుగుమందు విషం ఎక్కి రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉన్న రైతులు, హైవే యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలినవాళ్లు, కోవిడ్ కాలంలో ఐసీయూలో ఉండి వచ్చినవాళ్లు. నోట్లోంచి గొట్టంలోకి వేసే ట్యూబు చివర ఒక చిన్న బెలూన్ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. గాలి పక్కనుంచి పోకుండా అది ఉబ్బి గోడకు ఆనుతుంది. దానిలో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటిమట్టం మధ్య ఉండాలి. అంతకు మించి గంటల తరబడి నొక్కితే లోపలి పొరకు రక్తం అందదు. పొర చచ్చి పుండవుతుంది, పుండు మానుతూ మచ్చ కట్టి, ఆ మచ్చ చుట్టూ బిగుసుకుపోతుంది.

ఆ బిగుసుకున్న ముక్కను కోసేసి, పైచివర, కిందిచివర దగ్గరకు తెచ్చి కుట్టడమే శాశ్వత వైద్యం. బెలూన్‌తో సాగదీయడం, లేజర్‌తో కాల్చడం వంటివి కొందరికి సరిపోతాయి, చాలామందికి కొన్నాళ్ల ఉపశమనమే. కోసి కుట్టే ఆపరేషన్ దగ్గర సర్జన్ల మధ్య పాత చర్చ ఒకటి ఉంది. ఏ దారం వాడాలి? విడివిడిగా కుట్టాలా, ఒకే దారంతో చుట్టూ కుట్టుకుంటూ పోవాలా? దారం నిజంగానే లెక్కలోకి వస్తుంది. అయితే దానికన్నా ముందు రెండు చూసుకోవాలి, కలిపిన చివరల మీద లాగుడు ఎంత, వాటికి రక్తం అందుతోందా. ఈ వరస తారుమారైతే ఎంత ఖరీదైన దారమూ అతుకును కాపాడదు.

ఈ గొట్టం కుట్టడం ఎందుకు కష్టమో అర్థం కావాలంటే మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక గొట్టాన్ని ఒకసారి చేతిలోకి తీసుకోవాలి. సర్జరీ నేర్చుకునే పీజీలు చాలాచోట్ల దీనిమీదే చెయ్యి తిప్పుకుంటారు. వేలితో నిమిరితే ముందువైపు, పక్కల గట్టి ఉంగరాలు గజ్జెల వరసలా తగులుతాయి. వెనక్కి తిప్పితే ఉంగరం పూర్తికాదు, అక్కడ మెత్తని పొరే ఉంటుంది. సూదిని ఉంగరంలోకి దించితే మొదట మొండికేసి, తర్వాత టక్కున దిగుతుంది. వెనక పొరలోకి దించితే తడిసిన కాగితంలో దిగినట్టే ఉంటుంది. దారాన్ని కాస్త గట్టిగా లాగితే పొర కోసుకుపోతుంది. ఒకే గొట్టం, రెండు రకాల గోడ. మనిషి గొట్టమూ ఇంతే. పొడవు 10 నుంచి 13 సెంటీమీటర్లు, 18 నుంచి 22 ఉంగరాలు, వెనక ఆనుకుని అన్నవాహిక, రెండిటి మధ్య సందులో పక్కలుగా గొంతు పలికించే నరాలు.

దీని రక్తప్రసారం కూడా వేరు. పైనుంచి కిందికి ఒకే పెద్ద రక్తనాళం ఉండదు. రెండు పక్కల నుంచి చిన్న చిన్న కొమ్మలు అంచెలంచెలుగా వచ్చి అందుకుంటాయి. గొట్టాన్ని చుట్టూ విడదీసుకుంటూ పోతే ఆ కొమ్మలు తెగి, కుట్టబోయే చివరే ఎండిపోతుంది. అందుకే అతుకు పడే చోట ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి చుట్టూ విడదీయకూడదన్నది ఈ సర్జరీలో మొదటి నియమం.

ఇంకొకటి. ఎముక విరిగితే మన ప్రాంతంలో ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎముక అతకాలంటే కదలకూడదు, కట్టు చేసే పని అదే. ఊపిరి గొట్టానికి అలాంటి కట్టు కట్టలేం. మింగిన ప్రతిసారీ పైకి లేస్తుంది, తల ఎత్తితే సాగుతుంది, దగ్గితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా లోపలివైపు బయటిగాలికి, సూక్ష్మజీవులకు తెరుచుకుని ఉంటుంది. మానేదాకా ఆ కదలికను, ఆ తేమను తట్టుకుని నిలబడాల్సింది దారమే.

1960లు, 70లలో ఇలాంటి అతుకులకు కరగని దారాలే వాడేవారు, పాలియెస్టర్ వంటివి. అవి గట్టిగా పట్టుకునేవి. చిక్కు తర్వాత వచ్చేది. కొన్ని నెలలకు రోగి దగ్గుతో, కూతతో, ఒక్కోసారి కళ్లెలో నెత్తురుతో తిరిగొచ్చేవాడు. గొట్టం లోపలికి దించి చూసే సన్నని కెమెరా, బ్రాంకోస్కోపు, పెట్టి చూస్తే అతుకు గీత మీద ఎర్రగా, తడిగా, చిక్కుడు గింజంత కండ పెరిగి ఉండేది. దాని మధ్యలోంచి దారం కొస తొంగిచూసేది. శరీరం పరాయి వస్తువును బయటికి నెట్టే ప్రయత్నంలో పెంచిన కండ అది, గ్రాన్యులేషన్ అంటారు. స్కోపులోంచే ఆ కండను గిల్లి, దారాన్ని పట్టి లాగేస్తే చాలామందికి తగ్గేది. కానీ ఇరుకు తీయడానికి చేసిన ఆపరేషన్ మళ్లీ ఇరుకు తెచ్చినట్టే కదా.

అమెరికాలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ సర్జన్ హెర్మిస్ గ్రిల్లో ఈ సర్జరీకి ఒక పద్ధతి ఏర్పరచినవాడు. ఆయన బృందం 1978లో విక్రిల్ అనే కరిగిపోయే దారానికి మారింది. తర్వాత తమ కేసులన్నీ తిరగేసి చూసుకుంటే ఈ కండ పెరగడం బాగా తగ్గిపోయింది. మిగతా పద్ధతి దాదాపు అదే. దారం మార్చడం వల్ల ఫలితం ఇంత స్పష్టంగా మారిన సందర్భాలు సర్జరీలో అరుదు. అప్పటినుంచి పట్టుదారం, పాలియెస్టర్ ఈ అతుకు నుంచి తప్పుకున్నాయి. పశువుల పేగు నుంచి తీసే పాత క్యాట్‌గట్ కరుగుతుంది గానీ ఎప్పుడు బలం పోతుందో నమ్మకం లేదు, చుట్టూ వాపు కూడా ఎక్కువ.

ఇప్పుడు పోటీ ముఖ్యంగా విక్రిల్‌కు, పీడీఎస్ అనే ఇంకో కరిగే దారానికి మధ్య. నగరి మగ్గాల దగ్గర పోగులు చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. విక్రిల్ సన్నని పోగులు జడలా అల్లిన దారం. పీడీఎస్ చేపల గాలానికి కట్టే వైరులా ఒకే నున్నని పోగు. అల్లిన దారం చేతిలో మెత్తగా వంగుతుంది, ముడి వేసిన చోట నిలుస్తుంది. కానీ కణజాలంలోంచి లాగేటప్పుడు రంపంలా కాస్త రాపిడి ఉంటుంది, పోగుల సందుల్లో తేమ, బ్యాక్టీరియా చేరే వీలుంది. నున్నని పోగు రాపిడి లేకుండా జారిపోతుంది, సందులు లేవు. కానీ చుట్టలోంచి తీసిన వంపు దానికి గుర్తుంటుంది, ముడి జారుతుంది, అందుకే ముడులు ఎక్కువ వేయాలి. ఆ ముడి మొండిగా, గుచ్చుకునేలా మిగులుతుంది.

బలం సంగతికొస్తే, విక్రిల్ రెండు వారాలకు దాదాపు మూడు వంతుల బలం, మూడు వారాలకు సగం, నాలుగు వారాలకు పావు నిలుపుకుంటుంది. 56 నుంచి 70 రోజుల్లో కరిగిపోతుంది. పీడీఎస్ నాలుగు వారాలకూ సగానికి పైగా బలంతో ఉంటుంది, పూర్తిగా కరగడానికి ఆరేడు నెలలు పడుతుంది. గొట్టం అతుకు మొదటి రెండు మూడు వారాల్లోనే సొంత బలం తెచ్చుకోవడం మొదలుపెడుతుంది. మామూలు మనిషికి విక్రిల్ చాలు. షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, ఇదివరకే ఒకసారి ఆపరేషన్ అయినవాళ్లు నెమ్మదిగా మానతారు. వాళ్ల విషయంలో పీడీఎస్ ఇచ్చే అదనపు వారాలకు విలువ ఉంది. ఎక్కువకాలం ఉండే దారం ఎక్కువకాలం కండను రెచ్చగొడుతుందేమో అన్న భయం ఉంది గానీ, ఒంటి పోగు కావడంతో పీడీఎస్ చుట్టూ వాపు తక్కువే. మోనోక్రిల్ కూడా నున్నని పోగే, కానీ బలం త్వరగా పోతుంది. పెద్దల గొట్టంలో లాగుడు మోసే చోట దాన్ని నమ్ముకోకపోవడమే మంచిది.

ప్రోలిన్ కరగదు, ఒంటి పోగు కాబట్టి రియాక్షన్ మాత్రం తక్కువ. దాన్ని వెనక మెత్తని గోడకు వాడేవాళ్లున్నారు, ఊపిరితిత్తుల మార్పిడిలో బ్రాంకస్ (ఊపిరితిత్తిలోకి వెళ్లే కొమ్మ గొట్టం) అతుకులకూ వాడతారు. అయితే లాగుడు మీద ఉన్న ఉంగరాల అతుకులో అది సన్నని తీగలా కోసుకుపోగలదు, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. కరిగే మంచి దారం చేతిలో ఉండగా గొట్టం ముందుగోడకు ప్రోలిన్ వాడటానికి గట్టి కారణం కనబడదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ ఆపరేషన్లు పెద్ద సెంటర్లలోనూ తక్కువే. అందువల్ల మన చేతిలో ఉన్న పోలికలు ఎక్కువగా ఒక సెంటర్ తన పాత కేసులను తిరగేసి చెప్పినవి, జంతువుల మీద చూసినవి. విక్రిల్, పీడీఎస్‌లలో ఒకటి రెండోదాన్ని చిత్తుగా ఓడించిందని చెప్పే ఆధారం వాటిలో లేదు. కరగని అల్లిక దారం వద్దు అన్నంతవరకు గట్టిగా చెప్పొచ్చు. ఆపైన సర్జన్ చేతి అలవాటుకు చోటుంది.

కుట్టే పద్ధతి మాత్రం ఇంకా లోతుగా చూడాల్సింది. ఇరుకు ముక్క కోసి తీశాక గొట్టం రెండు చివరలుగా తెరుచుకుని ఉంటుంది. నోట్లోంచి వచ్చిన ట్యూబు పైకి లాగేసి, కిందిచివరలోకి నేరుగా వేరే ట్యూబు పెట్టి ఊపిరి ఇస్తారు. ఆ ట్యూబు కుట్లకు అడ్డం. మత్తు డాక్టరు ఊపిరి ఆపగానే ట్యూబు తీసి, గబగబా ఒకటి రెండు కుట్లు వేసి, మళ్లీ ట్యూబు పెడతారు. ఆక్సిజన్ రీడింగు మీద అందరి చూపూ. గ్రిల్లో పద్ధతిలో మొదట రెండు పక్కలా, అంచుకు కాస్త దూరంగా, ఉంగరాన్ని కలుపుకుని లావుపాటి 2-0 దారాలు రెండు వేస్తారు. ఇవి లాగుడు మోసేవి. తర్వాత అంతకన్నా సన్నని 4-0 విక్రిల్‌తో వెనక గోడ మధ్యలోంచి మొదలుపెట్టి రెండువైపులా ముందుకొస్తూ, అంచుకు 3, 4 మిల్లీమీటర్ల ఎడంగా, కుట్టుకూ కుట్టుకూ అంతే ఎడంగా విడివిడి కుట్లు వేస్తారు. ఏదీ ముడి వేయరు. ఒక్కో దారం కొసలను ఒక్కో క్లాంపుతో పట్టి, వరస తప్పకుండా గాయం చుట్టూ గుడ్డకు ఆనించి పెడతారు. పదిహేను ఇరవై క్లాంపులు చక్రపు ఆకుల్లా పరుచుకుని ఉంటాయి. ఒక్కటి వరస తప్పినా దారాలు ఒకదాన్నొకటి దాటుకుని చిక్కుపడతాయి.

అప్పుడు తలవైపు ఉన్న మత్తు డాక్టరు రోగి తలను చేతులతో నెమ్మదిగా ముందుకు ఎత్తి పట్టుకుంటారు. గడ్డం ఛాతీవైపు వంగుతుంది, రెండు చివరలూ దగ్గరకొస్తాయి. ముందు పక్కల లావు దారాలు రెండిటినీ ఒకేసారి బిగిస్తారు. చివరలు ఆనుకున్నాకే సన్న కుట్లు ముడి వేస్తారు, ముందు గట్టి గోడవి, చివరగా వెనక మెత్తని గోడవి. ముడులన్నీ గొట్టం బయటే. ముడి లోపల పడితే రోగికి అది ఎప్పుడూ గొంతులో నలుసే, దగ్గు, దాని చుట్టూ కండ. ఈ వరసలో ఉన్న తెలివి ఏమిటంటే, బరువంతా రెండు లావు దారాలు మోస్తాయి. సన్న కుట్లు అంచుకు అంచు కలపడం వరకే చూసుకుంటాయి.

ఒకే దారంతో కుట్టుకుపోయే పద్ధతికీ బలమైన వాదన ఉంది. త్వరగా అయిపోతుంది, ముడులు రెండే, లాగుడు దారం పొడవునా సమంగా సర్దుకుంటుంది, గాలి కారే సందులు తక్కువ. నష్టాలూ అందులోనే ఉన్నాయి. దారం ఒక్కచోట తెగినా, గోడ ఒక్కచోట చిరిగినా అతుకంతా వదులవుతుంది. ఎక్కువ బిగిస్తే బొందు లాగిన సంచి మూతిలా గొట్టం ముడుచుకుంటుంది, అంచులకు రక్తం తగ్గుతుంది. విడి కుట్లలో ఒకటి పోయినా పక్కవి నిలుస్తాయి. చాలామంది సర్జన్లు ఇప్పుడు రెండూ కలుపుతున్నారు. వెనక మెత్తని గోడకు పీడీఎస్‌తో ఆగకుండా సాగే ఒకే దారపు కుట్టు, ముందు ఉంగరాలకు విడి కుట్లు. వెనక గోడ మీద లాగుడు తక్కువ, ఎక్కువ ముడులు పడితే చిరిగేదీ అదే. గోడ స్వభావాన్ని బట్టి కుట్టు మార్చడం కాబట్టి ఈ కలయిక తర్కానికి బాగా నిలుస్తుంది. కుట్టడం అయ్యాక గాయంలో సెలైన్ పోసి, మత్తు డాక్టరు గాలి ఒత్తిడి పెంచుతారు. సైకిల్ షాపులో ట్యూబు నీళ్లలో ముంచి పంక్చరు వెతికినట్టే, బుడగ వచ్చిన చోట ఇంకో కుట్టు.

అసలు విషయం లాగుడు. 1950 ప్రాంతంలో రెండు సెంటీమీటర్ల కన్నా ఎక్కువ గొట్టం తీసి అతకలేమని నమ్మేవారు. 1960లలో గ్రిల్లో బృందం మృతదేహాల మీద లాగుడును గ్రాముల్లో కొలిచింది. మెడ వంచితే సుమారు కిలో లాగుడుతో దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు తీసినా చివరలు కలుస్తాయని తేలింది. ఇప్పుడు పెద్దల్లో గొట్టంలో సగం దాకా, పిల్లల్లో మూడో వంతు దాకా హద్దు అనుకుంటున్నారు. ఇంకా చాలకపోతే నాలుక కింది హయాయిడ్ ఎముక పైకండరాలను విడదీసి స్వరపేటికను కిందికి దించుతారు, ఒకటి రెండు సెంటీమీటర్లు కలిసొస్తుంది, కొన్నాళ్లు మింగడం కష్టమవుతుంది. వయసు పైబడిన వాళ్లలో ఉంగరాలు సున్నం పట్టి గొట్టం సాగదు. అదే మూడు సెంటీమీటర్లు ఇరవై ఏళ్ల కుర్రాడికి తేలిక, డెబ్బై ఏళ్ల పెద్దాయనకు గండం.

గ్రిల్లో పనిచేసిన అదే బోస్టన్ హాస్పిటల్ 2004లో 901 మంది రోగుల లెక్క ప్రచురించింది. వందలో 95 మందికి మంచి ఫలితం. 9 శాతం మందికి అతుకు దగ్గర ఏదో ఒక ఇబ్బంది. ఆ ఇబ్బందిని పెంచినవి ఇవి: రెండోసారి ఆపరేషన్, షుగర్ జబ్బు, 4 సెంటీమీటర్లు అంతకు మించి తీయడం, స్వరపేటిక దాకా కోయాల్సి రావడం, 17 ఏళ్ల లోపు వయసు, ముందే ట్రాకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి గొట్టంలోకి ట్యూబు పెట్టడం) ఉండటం. దాదాపు అన్నీ లాగుడుకో, రక్తం అందకపోవడానికో, మానే శక్తి తగ్గడానికో చేరేవే. ఇది చదివాక దారం పేరు మీద జరిగే వాదనకు ఎంత చోటివ్వాలో తెలుస్తుంది. మొదటి ఆపరేషనే బాగా జరగాలన్నదీ ఇక్కడే తెలుస్తుంది. రెండోసారికి గొట్టం పొట్టిగా, మచ్చలతో, బిగుసుకుని దొరుకుతుంది.

చివరలను లాగే బదులు మధ్యలో కృత్రిమ గొట్టం పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. 2011లో స్టాక్‌హోమ్‌లో ప్లాస్టిక్ గొట్టానికి మూలకణాలు పట్టించి అమర్చారు, లోకమంతా పొగిడింది. అక్కడ అలా అమర్చిన రోగులు చనిపోయారు, సర్జన్‌కు 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు జైలు శిక్ష వేసింది. గాలికి తెరుచుకున్న చోట పెట్టిన పరాయి గొట్టం ఒంటితో కలవదు. సొంత గొట్టం రెండు చివరలకు సాటి వచ్చేది ఇంకా రాలేదు.

పుట్టుకతో ఉంగరాలు పూర్తిగా గుండ్రంగా ఉండి, గొట్టం పొడవునా సన్నగా ఉన్న పిల్లల్లో కోసి తీయడం కుదరదు. గొట్టాన్ని ఇరుకు మధ్యలో అడ్డంగా కోసి, ఒక ముక్కను ముందు, ఇంకోదాన్ని వెనక నిలువుగా చీల్చి, ఒకదాని మీదికి ఒకటి జరిపి కుడతారు. స్లైడ్ ట్రాకియోప్లాస్టీ ఇదే. పొడవు తగ్గుతుంది, చుట్టుకొలత రెట్టింపవుతుంది. అతుకు ఏటవాలుగా పొడవుగా సాగుతుంది కాబట్టి ఇక్కడ సన్నని పీడీఎస్‌తో ఆగకుండా సాగే ఒకే దారపు కుట్టే సహజం. అంచులు లోపలికి మడత పడకుండా కాస్త బయటికి తిరిగేలా కుట్టాలి. లేకపోతే గొట్టం లోపల ఎనిమిది అంకె ఆకారంలో నొక్కుకుపోతుంది.

పెద్దవాళ్లలో ఆపరేషన్ చివర గడ్డం కింద చర్మాన్ని ఛాతీ చర్మానికి లావుదారంతో కలిపి కుడతారు. మెలకువ వచ్చిన రోగి పైకి చూడబోయి అతుకు లాగకుండా ఇదొక గుర్తు. మెడను బలవంతంగా వంచి కట్టడం దీని ఉద్దేశం కాదు, అతిగా వంచితే వెన్నుపాముకు ప్రమాదం. బంధువులు భయపడేది ముందు దీన్ని చూసే. ఆపరేషన్‌కు ముందే వాళ్లకు బొమ్మ గీసి చెప్పాలి. వారం రోజులు తల దించుకుని, దిండ్ల మీద వాలి, మెత్తని అన్నం తినాలి. మెడ దగ్గర చర్మం కింద నొక్కితే కరకరమన్నా, మళ్లీ కూత మొదలైనా, గొంతు మారినా వెంటనే చెప్పాలి. సుమారు ఏడో రోజు బ్రాంకోస్కోపుతో చూస్తారు. అతుకు గీత గులాబీరంగులో పలచగా కనబడితే గడ్డం కుట్టు కత్తిరిస్తారు.

తిరుపతిలో రుయాకో, స్విమ్స్‌కో, చిత్తూరు నుంచి దగ్గరని వేలూరు సీఎంసీకో వెళ్లి, అక్కడినుంచి పలమనేరుకో పుంగనూరుకో తిరిగొచ్చే రోగి డిశ్చార్జి కాగితంలో నాలుగు సంగతులు ఉండాలి. ఎన్ని సెంటీమీటర్లు తీశారు, అతుకు స్వరతంత్రుల నుంచి ఎంత కింద ఉంది, ఏ దారం వాడారు, ఇకముందు మత్తు ఇవ్వాల్సొస్తే ఏ సైజు ట్యూబు వేయాలి. మూడేళ్ల తర్వాత అపెండిక్స్ ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు అక్కడి మత్తు డాక్టరుకు ఆ కాగితమే కావాలి. అతుకు ఎక్కడుందో తెలియక బెలూన్‌ను సరిగ్గా దాని మీదే ఉబ్బిస్తే, మళ్లీ మొదటికొస్తుంది.